బుధవారం బెంచీ

ఆ బుధవారం పొద్దున డాక్టర్ ఉమాపతి చేతిలో ఉన్నవి ఇవి: అరవై నాలుగు నోటుబుక్కులు, ఆరేళ్ల పని, అచ్చుకు ఒప్పుకున్న ఒక పరిశోధనా వ్యాసం, దాని చివరి ప్రూఫులు దిద్ది పంపడానికి సోమవారం దాకా గడువు. యాభై ఆరేళ్ల సర్జన్‌కి, అదీ నాచారంలాంటి చోట ఒక ట్రస్టు ఆస్పత్రిలో పనిచేసేవాడికి, ఇది తక్కువ సరుకు కాదు.

వ్యాసం చెప్పేది ఒకటే మాట. పెద్దపేగు చివర క్యాన్సర్ గడ్డ కోసి తీసినవాళ్లకు మూత్రం పైపు వారం రోజులు ఉంచడం అలవాటు. రెండో రోజే తీసేసినా నష్టం లేదు. ఆ గడ్డ పక్కనుంచే మూత్రసంచికి నరాలు వెళ్తాయి, దారపు పోగుల్లా. కత్తి తగిలినా, కాస్త గట్టిగా లాగినా సంచి మొద్దుబారుతుంది. క్యాన్సర్ పోతుంది, మనిషి మిగులుతాడు, ఒంటికి పోవడం మాత్రం పోగొట్టుకుంటాడు. అది మూత్రం డాక్టర్ల పని అని పేగు డాక్టర్లు అంటారు. కోసింది మీరే కదా అని మూత్రం డాక్టర్లు అంటారు. ఆ రెండు అంగళ్ల మధ్య మిగిలిన ఖాళీ జాగాలో ఉమాపతి తన కొట్టు పెట్టుకున్నాడు.

ఇంటికి పంపేటప్పుడు ప్రతి మనిషికీ ఒక నోటుబుక్కు, గీతలున్న ఒక ప్లాస్టిక్ మగ్గు ఇచ్చేవాడు. మూడు నెలలకోసారి, చూపించుకోవడానికి వచ్చే ముందు మూడు రోజులు, ఒంటికి వెళ్లిన ప్రతిసారీ కొలిచి రాయాలి. ఒక్కోసారి నూటయాభై ఎం.ఎల్. దాటితే సంచి పనిచేస్తున్నట్టు. దాటకపోతే మళ్లీ పైపు. నోటుబుక్కు బాగుంటే స్కానింగ్ అక్కర్లేదు. స్కానింగ్ గది ముందు వరస సగం రోజు తినేస్తుంది, వచ్చేవాళ్లు అన్నోజిగూడ నుంచీ ఘట్‌కేసర్ నుంచీ రెండు బస్సులు మారి వస్తారు. ఆ నిబంధన రాసింది ఉమాపతే. వాళ్ల మీద జాలితోనే రాశాడు.

అరవై నాలుగులో అరవై ఒకటి బాగున్నాయి. వ్యాసం నిలబడింది ఆ అంకె మీదే.

బుధవారం వాళ్ల రోజు. ఉమాపతి గది బయట గోడ పొడుగునా ఒక చెక్క బెంచీ ఉంది. తలుపు సగం తెరిచే ఉంటుంది గనక బెంచీ మీది మాటలు లోపలికి వినబడుతుంటాయి. ఆ రోజు అందరికన్నా గట్టిగా వినబడుతున్న గొంతు బాలనర్సింహది. ఆస్పత్రికి రెండు గల్లీల అవతల టెంటు హౌసు అతనిది. ఆపరేషన్ అయి ఐదేళ్లు దాటింది. తన వంతు మూడు నెలలకోసారే అయినా ప్రతి బుధవారం వచ్చి కూర్చుంటాడు. కొత్తవాళ్లకు రక్తపరీక్ష ఎక్కడో చూపిస్తాడు, ముసలివాళ్లకు చీటీలు తెచ్చిపెడతాడు.

"ఏం కనకరాజు, పెండ్లికొడుకు లెక్క నిగనిగ మెరుస్తున్నవేంది?"

"మెరుసుడు ఏడిదన్నా. మొకం ఉబ్బింది."

"ఉబ్బితే మంచిదే. షేరింగ్ ఆటోల ముంగట ఇద్దరి జాగ నువ్వొక్కనివే నింపుతవ్."

నలుగురు నవ్వారు. కనకరాజు నవ్వలేదు. తన పేరు పిలిస్తే లేచి, గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు.

నలభై నాలుగేళ్ల మనిషి. ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి ఘట్‌కేసర్‌కి ఆటో నడుపుతాడు. నోటుబుక్కును రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు. ఉమాపతి తెరిచాడు. రెండొందల ఎనభై, మూడొందలు, రెండొందల అరవై, మూడొందల పది. బాగుంది. అలవాటుగా పెదవులు నవ్వబోయాయి. అప్పుడు చూపు అతని కాళ్ల మీద పడింది.

లేచి వెళ్లి, మడమ పైన బొటనవేలితో నొక్కి పట్టి, పది లెక్కపెట్టి తీశాడు. గుంట పడింది. అది పూడలేదు.

"పడుకో."

పొట్ట మీద ఎడమ అరచేయి ఆనించి, కుడిచేతి మధ్యవేలితో పై నుంచి కిందికి తట్టుకుంటూ వచ్చాడు. బొడ్డు దగ్గర శబ్దం మారింది. నిండు కుండను తట్టినట్టు, అక్కడి నుంచి కింది దాకా ఒకటే మొద్దు శబ్దం.

"ఇందాక ఒంటికి వెళ్లొచ్చావా?"

"ఇప్పుడే పోయచ్చిన సార్."

ఉమాపతి పైపు తెమ్మన్నాడు. ఆ మాట వినగానే కనకరాజు మంచం అంచు పట్టుకున్నాడు. "పైపెందుకు సార్, పుస్తకంల మంచిగనే ఉంది గద," అన్నాడు. ఉమాపతి గ్లవ్స్ వేసుకుని పని మొదలుపెట్టాడు. పైపు లోపలికి వెళ్లాక దానికి తగిలించిన ప్లాస్టిక్ సంచీలోకి ధార మొదలైంది. ఐదు వందలు. నొక్కి ఆపి, కాసేపాగి, మళ్లీ వదిలాడు. ఎనిమిది వందలు. మళ్లీ ఆపాడు. మూలన కంప్యూటర్ ముందు కూర్చున్న జూనియర్ డాక్టర్ గౌతమి పక్కకు వచ్చి నిలబడింది. నోటుబుక్కుల్లోని అంకెలన్నీ ఆరేళ్లుగా పట్టికల్లోకి ఎక్కిస్తున్నది ఆ అమ్మాయే. పద్నాలుగు వందల దగ్గర ధార ఆగేసరికి ఆమె బల్ల మీది నోటుబుక్కు తీసి మళ్లీ చూసింది.

సాయంత్రానికి రక్తపరీక్ష వచ్చింది. కిడ్నీలు చెడితే పెరిగే క్రియాటినిన్ ఒకటి లోపు ఉండాల్సింది, ఆరు పాయింట్ ఎనిమిది. స్కాన్‌లో రెండు కిడ్నీలూ ఉబ్బి, వాటి కండ పలచబడి కాగితంలా ఉంది. సంచి ఖాళీ కాక, మూత్రం వెనక్కి తన్ని, నెలల తరబడి వాటిని తినేసింది. నొప్పి లేకుండా జరిగే నష్టం అది. నరం చచ్చినచోట నొప్పి ఉండదు.

క్యాన్సర్ మాత్రం ఎక్కడా లేదు. ఆ రిపోర్టు శుభ్రంగా ఉంది.

గురువారం వార్డులో కనకరాజు కళ్లు మూసుకుని పడుకున్నాడు. నిద్రపోవడం లేదని ఉమాపతికి తెలుసు. మంచం పక్క స్టూలు మీద అతని భార్య నీలవేణి కూర్చుని ఉంది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్యాకింగ్ కంపెనీలో పని. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చున్నీ మీద అట్టపెట్టెల ధూళి ఇంకా ఉంది.

"ఎప్పటి నుంచి ఇట్లా ఉందమ్మా?"

ఆమె మొగుడి వైపు చూసింది. అతను కళ్లు తెరవలేదు.

"ఏడాదిన్నర అయితుంది సార్. చుక్క చుక్క పడుతనే ఉంటది. ప్యాంటు లోపల బట్ట మడత వెట్టుకుంటడు. ఆటో సీటు మీద ప్లాస్టిక్ కవరు ఏసుకొని, దాని మీద తువ్వాల ఏసుకొని కూసుంటడు. ముంగట సీటుల ఎవల్నీ ఎక్కించుకోడు, వాసనొస్తదని."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఆరుసార్లు వచ్చాడు నా దగ్గరికి."

"చెప్తే పైపు ఏస్తరు గద సార్."

ఆమె దాన్ని తప్పుపడుతున్నట్టు అనలేదు. వాన పడితే తడుస్తాం కదా అన్నట్టు అంది.

"పైపుతోని ఆటో ఎట్ల నడుపుతడు? సంచి ఏడ పెట్టుకుంటడు? ఆపరేషన్ అయినంక, పైపు లేకున్నా పదిహేను రోజులు ఇంట్ల కూసున్నడు. స్టాండుల నంబరు వేరేటోల్లకిచ్చిన్రు. మల్ల కాళ్లు వట్టుకుంటే ఎక్కించుకున్నరు."

"నోటుబుక్కులో మూడొందలు అని రాసుంది. ఆ రాత కనకరాజుదేనా?"

"ఆయనకు అంకెలు రాయొస్తయి గాని, గంత గుండ్రగ ఏడొస్తయి సార్. నర్సింహన్న రాసిండు. బెంచీ మీద కూసొని ఆయనే రాసిస్తడు." మొగుడి దుప్పటి సర్ది, "అందరికీ," అంది.

ఉమాపతి పైపు సంచీ వంక చూశాడు. నింపాదిగా నిండుతోంది. ఎంత వచ్చిందో మంచానికి తగిలించిన కాగితం మీద నర్సు గంట గంటకూ రాస్తోంది. ఈ వార్డులో తాను నమ్మదగిన అంకెలు ఆ కాగితం మీద ఉన్నవే అనిపించింది.

శుక్రవారం పొద్దున ఆపరేషన్ ఉంది. కీసర నుంచి వచ్చిన అరవై ఏళ్ల రైతు. గడ్డ కిందికే ఉంది, మూత్రసంచికి వెనక, ఎముకల గూటిలో లోతుగా. ఉమాపతి మామూలుగా ఇక్కడ త్వరగా నడుస్తాడు. ఆ రోజు నడవలేదు. పేగు పక్క పొరను మిల్లీమీటరు మిల్లీమీటరుగా విడదీస్తూ, నరం కనబడ్డ చోటల్లా ఆగాడు. తెల్లగా, తడిగా, పట్టు దారం కన్నా కాస్త లావుగా ఉంటుంది. దాన్ని తాకకుండా పక్కకు తొలగించి, గడ్డతో సహా పేగును బయటికి తీసేసరికి మధ్యాహ్నం అయింది. ఎడమ నరం నిక్షేపంగా ఉంది. కుడివైపు నరానికి గడ్డ అంటుకుని ఉంది, కొంత పోయింది. అంతకన్నా చెయ్యగలిగింది లేదు.

"సర్, పైపు రెండో రోజు తియ్యమని రాయనా?" అని మత్తు డాక్టర్ పక్కనున్న నర్సు అడిగింది. ఆ యూనిట్‌లో ఆరేళ్లుగా అదే అలవాటు.

"రాయొద్దు. నేను చెప్పేదాకా ఉంచండి."

చేతులు కడుక్కుని, కారు తియ్యకుండా నడిచి వెళ్లాడు. వాన కురిసి ఆగింది. టెంటు హౌసు ముందు ఇనుప గుంజలు దొంతరగా పడి ఉన్నాయి. లోపల, ఎర్రటి, పసుపు గుడ్డల కుప్పల మధ్య బాలనర్సింహ కింద కూర్చుని షామియానా మడతపెడుతున్నాడు. డాక్టర్‌ను చూసి గబుక్కున లేచి, ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు.

"సార్, మీరు గీడికొచ్చిన్రా. ఫోన్ చేస్తే నేనే ఉరికొస్తుంటి గద. చాయ్ తెప్పిస్త."

"చాయ్ వద్దు. ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. ఎంతమంది నోటుబుక్కులు మీరు రాశారు?"

బాలనర్సింహ దాచే ప్రయత్నం చెయ్యలేదు. ఏదో చందా ఎంతమంది దగ్గర వసూలు చేశావని అడిగినట్టు, వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"సగం సగం రాసినయి చాన ఉన్నయి సార్. మొత్తంగ రాసినయి ఇరవై ఉంటయి. మిగిలినోల్లు ఎవలది వాళ్లు రాసుకుంటరు, నేను చెప్తుంట."

"ఏమని చెప్తారు?"

"మీరు చెప్పిందే సార్. నూటయాభై దాటాలె అని." కింద కూర్చుని మళ్లీ గుడ్డ అందుకున్నాడు. "కని నాలుగొందలు రాస్తే మీరు నమ్మరు. ఒకడు రాసిండు మొదట్ల, మీరు తిప్పి తిప్పి చూసిన్రు. అందుకే మూడొందలకు అటిటు. ఒకటే అంకె మల్ల మల్ల రాయొద్దు, కిందమీద జెయ్యాలె. తెల్లారంగ జర ఎక్వ, మాపటికి జర తక్వ."

ఉమాపతికి గుర్తొచ్చింది. వ్యాసంలో ఒక పేరా మొత్తం దాని గురించే ఉంది. పొద్దున ఎక్కువ, సాయంత్రం తక్కువ: మూత్రసంచి సహజ లయ తిరిగి వచ్చిందనడానికి నిదర్శనం.

"మరి మగ్గులు?"

"మగ్గులు ఎవలింట్ల ఉంటయి సార్. ఒకటే బాత్‌రూం. అండ్లనే తానం జేసి దేవునికి దీపం వెట్టాలె. గసొంటి మగ్గు అండ్ల పెడితే ఆడోల్లు ఊకుంటరా. మా ఇంట్ల అయితే దవాఖాన నుంచి వచ్చిన నాడే పారేసింది."

"అరవై నాలుగు మందిలో ఒక్కరూ కొలవలేదా?"

"ఇద్దరు ముగ్గురు కొలిచిన్రు సార్. వాళ్లకే మీరు మల్ల పైపు ఏసిన్రు."

అరవై నాలుగులో బాగా లేనివి మూడు. ఉమాపతి కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. తన పట్టికలో విఫలమైన ముగ్గురూ ఎవరో ఇప్పుడు తెలిసింది. నిజం రాసినవాళ్లు.

"మీ మొకం చూస్తం సార్," అన్నాడు బాలనర్సింహ, తప్పు ఒప్పుకుంటున్నట్టు కాదు, ధైర్యం చెబుతున్నట్టు. "పుస్తకం మంచిగుంటే మీకు నవ్వొస్తది. లేకుంటే పెన్ను కింద వెట్టి కండ్లద్దాలు తీస్తరు. అద్దాలు తీసిన్రంటే పైపే. మాకు మీరంటే పానం సార్. సచ్చేటోల్లను బతికిచ్చిన్రు. మీ మొకం ఎందుకు చిన్నబుచ్చాలె."

ఉమాపతి కనకరాజు కిడ్నీల సంగతి చెప్పాడు. పద్నాలుగు వందలు, ఆరు పాయింట్ ఎనిమిది, వచ్చే ఏడాదో ఆపై ఏడాదో మిషన్ మీద రక్తం శుభ్రం చేసుకోవాల్సి రావచ్చు. ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. బాలనర్సింహ చేతులు గుడ్డను మడుస్తూనే ఉన్నాయి. అంచుకు అంచు కలిపి, అరచేత్తో సాపు చేసి, మళ్లీ మడత. చెప్పడం అయ్యేసరికి గుడ్డ దిండంత చిన్నదైంది, ఇంకా మడవడానికి లేదు.

"నేను రాసుడు బంద్ జేస్తే వాడు మంచిగయితడా సార్?"

"అవ్వడు."

బాలనర్సింహ తలూపాడు. ఆ గుడ్డను పక్కన పెట్టి, "బెంచీ మీద చెప్త సార్," అన్నాడు. "ఇక మీరు ఎట్ల జెప్తే గట్ల."

శనివారం గౌతమి ప్రూఫుల కట్ట బల్ల మీద పెట్టి, కూర్చోకుండా నిలబడింది. వ్యాసంలో రెండో పేరు ఆమెది. పెద్ద క్యాన్సర్ సంస్థలో శిక్షణకు దరఖాస్తు పెట్టుకుంది. ఆ దరఖాస్తులో చెప్పుకోదగ్గది ఈ వ్యాసం ఒక్కటే.

"సర్, ఆ ఇరవై తీసేద్దాం. నలభై నాలుగు మిగులుతాయి. సంఖ్య తగ్గినా ఫలితం నిలబడుతుంది, నిన్న చూశాను."

"ఆ నలభై నాలుగు ఎవరు రాశారు?"

"వాళ్లే రాసుకున్నారు కదా సర్."

"ఎవరు చెబితే రాశారు?"

ఆమె ప్రూఫుల అంచులు సరిచేసింది. "అది నాకెలా తెలుస్తుంది సర్? ప్రతి బుధవారం తలుపు సగం తీసే ఉంది. ఆరేళ్లుగా మీకూ తెలియలేదు."

ఆ మాట అన్నాక తనే భయపడ్డట్టు చూసింది. ఉమాపతికి కోపం రాలేదు. ఆమె చెప్పిన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

పత్రికకు ఉత్తరం తనే టైపు చేశాడు. సమాచారం మీద నమ్మకం లేదు, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాం, బాధ్యత పూర్తిగా నాది. మూడు వాక్యాలు. మూడో వాక్యం గౌతమి కోసం. పంపే మీట నొక్కేముందు ఆమె వైపు చూశాడు. ఆమె కిటికీ బయట మెట్రో స్తంభాల వైపు చూస్తోంది. నొక్కాడు.

"ఇప్పుడేం చేద్దాం సర్?" అంది ఆమె, కిటికీ వైపే చూస్తూ.

"అందరికీ ఫోన్ చెయ్యి. ఈ బుధవారమే రమ్మను. రేపటి నుంచి మూడు రోజులు కొలిచి, ఉన్నది ఉన్నట్టు రాసుకు రమ్మను. ఎంత తక్కువ ఉన్నా పరవాలేదని చెప్పు. తక్కువ రాసినందుకు ఎవరికీ పైపు వెయ్యం, నాతో మాట్లాడాకే ఏదైనా."

గైనిక్ విభాగంలో చిన్న స్కానింగ్ మిషన్ ఉంది, చక్రాల బండి మీద తోసుకుపోయేది. దాన్ని బుధవారం మధ్యాహ్నం రెండు దాకా అడిగి పెట్టుకున్నాడు. ఆ పని ఆరేళ్ల కిందటే చేసి ఉండొచ్చు. అడిగితే ఇచ్చేవాళ్లే.

సోమవారం కనకరాజు క్రియాటినిన్ నాలుగు పాయింట్ ఆరుకు దిగింది. నీలవేణి అదే గొప్పగా సంతోషపడి, పక్క మంచం ఆమెకు కూడా చెప్పింది. మంగళవారం నాలుగు పాయింట్ ఐదు. ఉమాపతి ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. దిగడం అక్కడితో ఆగిపోయిందని ఆమెకు బుధవారం చెబుదామనుకున్నాడు.

బుధవారం బెంచీ నిండి, గోడ వెంట కూడా జనం నిలబడ్డారు. బాలనర్సింహ పేర్లు రాసుకుని వరస పెడుతున్నాడు. ఎవరి నోటుబుక్కులోనూ చెయ్యి పెట్టడం లేదు, అది ఉమాపతి గమనించాడు.

మొదట వచ్చింది పరంధామయ్య, రైల్వేలో చేసి రిటైరైన మనిషి. మడత నలగని చొక్కా, నోటుబుక్కుకు అట్ట. ఉమాపతి తెరిచాడు. అరవై, నలభై, డెబ్బై, యాభై. రోజుకు పదహారుసార్లు. ఉమాపతి పెన్ను కింద పెట్టాడు.

రెండోది: ఎనభై, యాభై, అరవై. మూడోది: నలభై ఐదు. నాలుగోది, ఐదోది, ఆరోది. అన్నీ వందకు లోపే. గౌతమి చూపులు ఒక నోటుబుక్కు మీంచి ఇంకోదాని మీదికి పరుగెత్తుతున్నాయి. ఉమాపతి ఆరో నోటుబుక్కు మూశాడు. ఒక్క కనకరాజు కాదు, అందరూ. కోసింది తన చెయ్యి, రెండో రోజు పైపు తీయమన్నది తన మాట. ఈ బెంచీ మీద కూర్చున్న ప్రతి మనిషి కిడ్నీలూ లోపల నీరు పట్టి ఉబ్బుతున్నాయి. కళ్లద్దాలు తీశాడు.

"పరంధామయ్యగారూ, పడుకోండి."

పొట్ట మీద జెల్ రాసి మిషన్ ఆనించాడు. తెర మీద నల్లటి నీడ కోసం వెతికాడు. సంచి నిండుగా ఉంది. "ఈ జార్‌లోకి వెళ్లి రండి," అని గాజు కొలపాత్ర ఇచ్చాడు. పరంధామయ్య సంకోచిస్తూ తీసుకువెళ్లి, సంకోచిస్తూ తిరిగి వచ్చాడు. మూడొందల ఇరవై. మళ్లీ పడుకోబెట్టి చూస్తే లోపల మిగిలింది పది చుక్కలంత. ఆరోగ్యవంతుడి సంచి.

"మరి ఇదేమిటి? నలభై, యాభై?"

పరంధామయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ గౌతమి వైపు చూశాడు. "మేడమ్‌గారు ఫోన్‌లో తక్కువ రాయమన్నారు కదండీ."

"నేనా?" అంది గౌతమి.

"ఎంత తక్కువైనా పరవాలేదు అన్నారు. తక్కువ రాస్తే పైపు వెయ్యం అనీ అన్నారు." తర్వాత గొంతు తగ్గించి, ఉమాపతితో, "మీ వ్యాసం ఆగిపోయిందని ఆస్పత్రిలో అనుకుంటున్నారు కదండీ. కనకరాజు విషయంలో మీ మీదికి ఏదో వస్తుందని బెంచీ మీద అనుకున్నాం. ఇలాంటి రోగం అందరికీ ఉంది, డాక్టరుగారి తప్పు కాదు అని చూపిస్తే మీకు ఆసరాగా ఉంటుందని, అందరం మాట్లాడుకునే రాశాం," అన్నాడు.

తలుపు సందులోంచి బెంచీ మొత్తం లోపలికే చూస్తోంది. ఉమాపతి కళ్లద్దాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. అవి తీయడం వాళ్లందరూ చూశారు. ఒకావిడ మొగుడి చెవిలో ఏదో అంది, అతను బెంచీ మీంచి నోటుబుక్కు తీసి పెన్ను కోసం జేబు తడుముకున్నాడు.

ఉమాపతి అద్దాలు పెట్టుకున్నాడు. నోటుబుక్కులన్నీ తీసి కిటికీ కింద పేర్చమన్నాడు. గౌతమిని కొత్త కాగితం తీసుకుని పక్కన కూర్చోమన్నాడు. ఇక ఎవరినీ ఏమీ అడగలేదు. జెల్, మిషన్, కొలపాత్ర, మళ్లీ మిషన్. "ఊపిరి బిగబట్టకండి." "కదలకండి." ప్రతి అంకె పైకి చదివాడు, ఆమె రాసింది. పదకొండో మనిషి లోపల మూడొందల ఎనభై మిగిలింది. అతను తెర వైపు చూడకుండా ఉమాపతి మొహం వైపే చూశాడు. ఉమాపతి ఏ భావమూ లేకుండా అంకె చదివాడు. పద్నాలుగోవాడికి రెండొందల తొంభై. బయట వాన మొదలై, వరసలో ఉన్నవాళ్లు కొందరు బస్సు దొరకదని వెళ్లిపోయారు.

రెండుకు పదినిమిషాలు తక్కువగా ఉండగా గైనిక్ నుంచి ఆయా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. అప్పుడు బాలనర్సింహ లోపలికి వచ్చాడు, చేతిలో పేర్ల కాగితంతో.

"అయిపోయింది సార్. మిగిలినోల్లను వచ్చే వారం రమ్మన్న."

"మీది కాలేదు. పడుకోండి."

"నాకేంది సార్, నేను మంచిగున్న."

"పడుకోండి."

అతను చొక్కా పైకి లాగి పడుకున్నాడు. అంతకుముందే వెళ్లి వచ్చానన్నాడు. తెర మీద నల్లటి నీడ గుండ్రంగా, పెద్దగా, అంచు దళసరిగా కనిపించింది. ఉమాపతి రెండుసార్లు కొలిచాడు. "ఐదు వందల నలభై," అన్నాడు. గౌతమి రాయకుండా తల ఎత్తింది. "రాయి," అన్నాడు.

బాలనర్సింహ లేచి కూర్చుని, జెల్ తుడుచుకున్నాడు. తనకు తెలియని సంగతి విన్నవాడిలా లేడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"మొదటి నుంచే సార్."

"ఇవాళే పైపు వెయ్యాలి. కిడ్నీలు ఇంకా పూర్తిగా చెడి ఉండవు. ఇప్పుడైతే ఆపగలం."

"బోనాలున్నయి సార్. ఉప్పల్ నుంచి మల్లాపూర్ దాంక టెంట్లన్నీ ఒప్పుకున్న. నిచ్చెన ఎక్కి నేనే కట్టాలె, పనోల్లకు కట్టుడు రాదు. నెల దాటినంక వస్త."

"నెల దాటితే కనకరాజు లాగే అవుతారు. మీరే చూశారు కదా."

"చూసిన సార్." చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. "కనకరాజు ఆటో ఇప్పుడు ఎవలు నడుపుతున్నరు?"

ఉమాపతికి తెలియదు.

"ఎవలూ లేరు. ఇంటి ముంగట వానల తడుస్తుంది. స్టాండుల నంబరు ఇంకోనికిచ్చిన్రు." పేర్ల కాగితం బల్ల మీద పెట్టి, చేతులు జోడించాడు. "మీరు రాసుకోండి సార్. నేనేం తక్వ జెయ్యమంటలేను. ఉన్నది ఉన్నట్టు రాసుకోండి."

ఆయా మిషన్ తీగ చుట్టి బండి తోసుకుపోయింది. చక్రాల చప్పుడు వరండా చివరి దాకా వినబడింది.

గౌతమి కాగితం అందించింది. ఉమాపతి కూర్చుని కూడాడు. రమ్మన్నది అరవై మూడు మందిని. వచ్చింది ముప్పై ఏడుగురు. మిషన్ పెట్టి చూడగలిగింది ముప్పై ఒకరిని. సంచి ఖాళీ కానివాళ్లు ఆరుగురు. పైపుకు ఒప్పుకున్నది నలుగురు. ఒకతను పైపు మాట వినగానే, ఇంకోసారి మూత్రానికి వెళ్లొస్తానని చెప్పి మళ్లీ రాలేదు, కొలపాత్ర కిటికీలో పెట్టి పోయాడు. ఒకడు బాలనర్సింహ. ఆరేళ్లలో ఉమాపతి తన చేత్తో కొలిచిన అంకెలు ఆ ముప్పై ఒకటి, వార్డులో ఉన్నది ఒకటి, మొత్తం ముప్పై రెండు. అన్నీ సరైనవే. చివరి దాని ఎదురుగా గౌతమి ఐదు వందల నలభై అని రాసి, ఏం చేశారన్న గడి ఖాళీగా వదిలింది. ఉమాపతి పెన్ను తీసుకుని అందులో 'ఏమీ లేదు' అని రాశాడు.